దేవదూత కప్పిన కంబళి

మా గుడిలో ఒక నల్ల కంబళి ఉంది. గుడి అంటే చర్చే. మా ఇళ్ళలో చర్చి అనే మాట పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టినాకే వచ్చింది. ఆ కంబళి గొర్రెలు కాసేవాళ్ళు కప్పుకునే మామూలు కంబళే. ఒంటికి గీరుకుంటుంది. తడిస్తే గొర్రె వాసన వస్తుంది, కానీ మా పక్క అది తడిసే అవకాశం తక్కువ. ఏడాదికొకసారి పండగ రోజు దాన్ని మా పునీతురాలి స్వరూపం కాళ్ళ దగ్గర పెడతారు. మిగతా రోజుల్లో ఊర్లో ఎవరికైనా రోగం ముదిరితే, ఇక ఆసుపత్రివాళ్ళు కూడా ఇంటికి తీసుకుపొమ్మంటే, దాన్ని తీసుకుపోయి కప్పుతారు. కప్పితే నొప్పి తెలియదని మా వాళ్ళ నమ్మకం. మా వాళ్ళే కాదు, గుడి మెట్లెక్కని వాళ్ళు కూడా వచ్చి అడిగి తీసుకుపోతారు. తురకల ఇంటికి కూడా పోయింది ఆ కంబళి.

ఆ నమ్మకం ఒక చిన్న పుస్తకంలోంచి వచ్చింది. మా గుడి ఒక వేదసాక్షి పేరు మీద కట్టింది. దేవుణ్ణి కాదనమని రాజ్యం వాళ్ళు బెదిరించినా కాదనకుండా ప్రాణం ఇచ్చిన మనిషిని వేదసాక్షి అంటారు. ఈమె ఎక్కడో సముద్రాల అవతల, క్రైస్తవం ఇంకా పసిగుడ్డుగా ఉన్న కాలంలో చనిపోయిన ఆడమనిషి. మేము పేరు పెట్టి పిలవము, 'అమ్మ' అంటాము. ఆమె కథను లాటిన్ భాషలోంచి తెలుగులోకి పాతకాలం ఉపదేశి ఎవరో రాసి అచ్చు వేయించినాడు. అందులో ఆమెను మంటల్లో నిలబెట్టిన చోట ఇట్లా ఉంటుంది: 'అప్పుడు దేవదూత యొకడు దిగివచ్చి ఆమెకు కంబళి కప్పెను. మంట ఆమెకు మంచువలె నుండెను. ఆమె నొప్పి యెరుగక నిలిచెను. తన్ను తలచువారికిని అట్లే యుండునట్లు ఆమె వరమడిగెను.' లాటిన్‌లో ఉన్నది ఏదో పైబట్ట అంట. ఆ ఉపదేశికి పైన కప్పుకునేది అంటే కంబళే తెలుసు. అట్లా దేవదూత చేతికి మా గొల్లవాళ్ళ కంబళి వచ్చింది.

పండగ రోజు ఆ కథను చదివేది నేనే. నాకు చదువు వచ్చింది మనవరాలు బడికి పోయే వయసులో. సిస్టరమ్మలు మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పిస్తామంటే, శెనక్కాయలు ఒలిచే పని లేని రోజుల్లో పోయి కూర్చున్నాను. ఆ ఏడాది వానలు లేవు, శెనక్కాయలూ లేవు, కాబట్టి చదువు బాగానే సాగింది. ఎండిన చేను నాకు అక్షరాలు పెట్టింది అని మా అక్క ఎగతాళి చేసేది. నేను మొదటిసారి గుడిలో నిలబడి చదివిన రోజు అక్క ఆడవాళ్ళ వైపు మొదటి వరుసలో కూర్చుని, నేను తడబడిన ప్రతి చోటా తన పెదాలు కదిలించింది. దానికి చదువు రాదు. కథ మాత్రం కంఠతా వచ్చు.

గుడి వెనక గదిలో పెద్ద ఫాదర్ ఉండేవారు. పని నుంచి రిటైరైనాక మా ఊర్లోనే ఉండిపోతానని అడిగి ఉండిపోయినారు. నేను ఆయనకు వండిపెట్టేదాన్ని. పొద్దున రాగి సంగటి, సాయంత్రం ఏదో ఒకటి. ఆయనది కూడా కరువు పల్లెటూరే కాబట్టి తిండికి పేచీ లేదు. చిన్నప్పుడే రోముకు పోయి చదువుకున్నారంట. ఆయన చదువంతా ఒకటే: వేదసాక్షుల గురించి లాటిన్‌లో రాసిన పాత కథల్లో ఏది ఎప్పుడు రాసింది, ఏది చూసినవాళ్ళు రాసింది, ఏది తర్వాతివాళ్ళు కల్పించింది అని తేల్చడం. అదొక చదువుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. షుగరు ఆయన కళ్ళు తినేసింది. గోడ నిండా పుస్తకాలుండేవి, ఒక్కటీ చదువుకోలేరు.

ఒక సిస్టరమ్మ సెల్‌ఫోన్ తెచ్చి, పుస్తకానికి ఫోటో తీస్తే ఫోనే పైకి చదువుతుందని పెట్టి చూపించింది. ఫాదర్ రెండు ముక్కలు విని చెవులు మూసుకున్నారు.

"ఆపమ్మా, ఆపు. రాయదుర్గం బస్టాండులో అనౌన్సు చేస్తాండట్లుండాది."

ఆ తర్వాత నన్ను పిలిచి అడిగినారు. "నీకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చునా?"

"బస్సు మీద నంబరు తెలుస్తాది ఫాదర్. మాటలు తెలీవు."

"మాటలు తెలియాల్సిన పని లేదు. లాటిన్ మన తెలుగు మాదిరి. ఎట్లా రాస్తే అట్లా పలకడమే. ఇంగ్లీషు మాదిరి దొంగ భాష కాదు."

అట్లా ఆయన నాకు ఆ అక్షరాలు నేర్పించినారు. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. ఏం చదువుతున్నానో నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నోరు నాది, అర్థం ఆయనది. అప్పుడప్పుడు చెయ్యెత్తి ఆపేవారు. "ఇది పాతది" అనేవారు. లేకుంటే పెదవి విరిచి, "ఈ మాటలకు తోక కట్టినారు చూడు, ఇది తర్వాతోళ్ళ పని" అనేవారు. వాక్యం చివర మాటలు ఊగే తీరు బట్టి కూడా ఏ కాలానిదో చెప్పొచ్చంట.

మా అక్క గురించి చెప్పాలి. అది నాకంటే బాగా పెద్దది. నన్ను ఎత్తుకుని పెంచింది. మొగుడు పోయినాక పిల్లలు లేక ఊర్లోనే, నా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. దానికి ఒక పేరుంది ఊర్లో. ఎవరు చచ్చిపోయినా శోకం పెట్టడానికి మా అక్కను పిలిచేవాళ్ళు. శోకం అంటే ఊరికే ఏడవడం కాదు. శవం పక్కన కూర్చుని, రాగమెత్తి, చచ్చిపోయిన మనిషి గుణాలు ఒక్కొక్కటీ చెప్పి ఏడవాలి. తక్కిన ఆడవాళ్ళు దాని వెంట అందుకుంటారు. మా అక్క నోరు తెరిస్తే, పక్క ఊరినుంచి మర్యాదకు వచ్చి నిలబడినవాళ్ళు కూడా కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళు.

ఉన్నది ఉన్నట్లు పాడేది కాదు. ఒక మేక తప్ప ఏమీ లేని మనిషికి 'ఏడు జతల ఎద్దులు కట్టినోడా' అని ఎత్తుకునేది. పెండ్లాన్ని రోజూ కొట్టిన ఒకాయన పోతే, 'పూలల్లో పెట్టి చూసుకుంటివి కదప్పా' అని రాగం తీసింది. ఆయన పెండ్లాం ఏడుపు ఆపి మా అక్క ముఖంలోకి చూసింది. తర్వాత నేను అడిగితే, "చచ్చినోని దగ్గర లెక్కలు తియ్యకూడదు మే" అంది.

గర్భసంచిలో పుండు అని తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. టౌనులో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించినాము. బెంగళూరు దాకా పోయి వచ్చినాము. చివరికి, ఇంటికి తీసుకుపోయి తినాలనిపించింది పెట్టండి అన్నారు. మాత్రలు ఇచ్చినారు. ఆ మాత్రలు మొదట్లో పనిచేసినాయి. తర్వాత తర్వాత మింగిన కొంచెం సేపటికే నొప్పి మళ్ళీ లేచేది. అది రెండు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, పంటి కింద తన జడ పెట్టుకుని కొరికేది. అరిస్తే ఇరుగుపొరుగు వస్తారని దానికి సిగ్గు. బతుకంతా ఊరికోసం గొంతెత్తిన మనిషి తనకోసం గొంతు నొక్కుకునింది.

కంబళి తెమ్మని అదే అడిగింది. తెచ్చి కప్పినాము. ఊరి ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చుని ప్రార్థన చేసినారు. దాని కోసం నేను పుస్తకంలో ఆ భాగం చదివినాను. ఆ పూట కాసేపు కళ్ళు మూసుకునింది. నిద్రపోయిందని అందరూ లేచి పోయినారు. వాళ్ళు వాకిలి దాటగానే కళ్ళు తెరిచింది.

"పోయినారా అందరూ?"

"పోయినారు. తగ్గిందా అక్కా?"

"యాడ తగ్గింది. వాళ్ళ ముందర తగ్గలేదంటే బాగుండదని మూసుకున్నా."

కొన్నాళ్ళు అట్లే గడిచింది. కంబళి మీదనే ఉంది. నొప్పి కింద ఉంది. ఒకరోజు మధ్యాహ్నం నేను గంజి తాగిస్తుంటే గ్లాసు పక్కకు తోసింది.

"మే, నీకు చదువొచ్చు కదా. ఆ ముసలి ఫాదర్ దగ్గర ఏందేందో చదువుతాండావంట కదా."

"చదువుతాండా. నాకేమీ తెలీదు అందులో."

"ఆయప్పకు తెలుస్తాది కదా. అడుగు పోయి."

"ఏమని?"

"కంబళి కప్పిన మాట నిజమేనా అని."

నేను నవ్వి మాట మార్చాలని చూసినాను. అది నా మణికట్టు పట్టుకునింది. ఎముకలు మాత్రమే మిగిలిన చెయ్యి, కానీ పట్టు వదల్లేదు.

"నవ్వద్దు. నేను పండుకుని అదే ఆలోచిస్తాండా. అది నిజమైతే, అడిగినోళ్ళందరికీ అమ్మ నొప్పి తీస్తాదంటే, నాకెందుకు తియ్యలేదు? నేనేం చేసినా? గుడ్డిగుడ్డిగా ఎన్నో చేసింటా, ఏది అనేది నాకు తెలియల్ల కదా. అబద్ధమైతే అబద్ధమని చెప్పు. నా తప్పు కాదనుకుని పోతా. ఏదో ఒకటి చెప్పు, రెండింటి మధ్యన నేను ఉండలేను."

అడిగి చెప్తానన్నాను.

ఫాదర్‌కు ఆ సాయంత్రం వండి పెట్టి, ఆయన తినేదాకా ఆగి అడిగినాను. అక్క అన్నమాట అన్నట్లు చెప్పినాను. ఆయన చెయ్యి కడుక్కోవడం మరిచిపోయినారు. చేతికి మెతుకులు ఎండిపోయినాయి.

"మన అమ్మ కథను నేను ఎప్పుడూ ముట్టుకోలేదమ్మా" అన్నారు. "ఊరూరి వాళ్ళ పునీతురాళ్ళ కథలు తేల్చి చెప్పినా. ఈమెను వదిలేసినా. ఎందుకో నాకు తెలుసు. నేను పండుకునేది ఈమె గుడి వెనకాలే కదా." తర్వాత, "పైన ఎడమ పక్కన లావు పుస్తకం ఉంటుంది, తియ్యి. మీ అక్క అడిగింది, చూడకపోతే ఎట్లా" అన్నారు.

మా అమ్మ గురించి లాటిన్‌లో రెండు కథలున్నాయంట, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. మొదట చిన్నది చదివించినారు. ఒక పేజీ కూడా లేదు. చదివినాక ఆయనే తెలుగులో చెప్పినారు. అధికారి నీ పేరేమి అంటాడు, ఆమె చెప్తుంది. మా దేవుళ్ళకు సాంబ్రాణి వెయ్యి అంటాడు, వెయ్యను అంటుంది. ఇంకోసారి ఆలోచించుకో అంటాడు, ఆలోచించుకోవడానికేమీ లేదంటుంది. కత్తితో చంపమని తీర్పు. తీసుకుపోయినారు. అంతే.

"మంట ఏది ఫాదర్?" అన్నాను.

"లేదు."

"దేవదూత?"

"లేడు. ఇది కోర్టులో రాసుకున్నట్లుంది చూడు. బట్టలేసుకోని కథ. ఇట్లాంటివే పాతవి, నమ్మదగినవి. ఇప్పుడు పెద్దది చదువు."

పెద్దది చాలా రోజులు పట్టింది. సాయంత్రం కొంచెం కొంచెం చదివేవాళ్ళం. పొద్దున అక్క దగ్గరికి పోతే, "అడిగినావా?" అనేది. "చూస్తాండాడు" అనేదాన్ని. "నేను పోయినాక చెప్తాడేమో" అనేది. ఫాదర్ వింటూ వింటూ ఒకచోట నాలుక చప్పరించినారు. ఆ కథలో తీర్పు చెప్పిన అధికారికి ఉన్న పదవి అమ్మ కాలానికి ఇంకా పుట్టనే లేదంట. తాతల నాటి పాలెగాడి ముందర కలెక్టరు వచ్చి సంతకం పెట్టినట్లు అన్నారు. నాకు అర్థమైంది.

మంటలు వచ్చే భాగానికి చేరుకున్నాము. నేను ఎప్పటి మాదిరే అక్షరాలు కూడబలుకుతున్నాను. ఆయన చెయ్యెత్తి ఆపినారు.

"ఏం చదివినావు ఇప్పుడు? ఆ పేరు."

తప్పు చదివినానేమో అనుకుని భయపడి మళ్ళీ చదివినాను. అదే వచ్చింది. ఇంకోసారి, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే చెప్పమన్నారు. చెప్పినాను. అది మా అమ్మ పేరు కాదు. వేరే ఆడమనిషి పేరు.

ఆయన గోడకు ఆనుకున్నారు.

"పుస్తకం అచ్చేసినోళ్ళు కింద సన్నక్షరాల్లో ఏదో రాసింటారు. అది తర్వాత చదువుదాం. నాకు ఇప్పుడే తెలిసిపోయింది. ఇది మన అమ్మది కాదమ్మా. నిజంగా మంటల్లో పోయిన ఇంకొకామె కథ ఉంది. అందులోంచి ఈ ముక్క ఎత్తుకొచ్చి ఇక్కడ అతికించినాడు ఎవడో. పేరు మార్చుకుంటా వచ్చి ఈ ఒక్క చోట మర్చిపోయినాడు."

మా కోడలు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పనికి పోతుంది. ఒక లాటు ప్యాంట్ల జేబులు ఇంకో లాటుకు కలిసిపోయి కుట్టేస్తే రంగు తేడా వెలుగులోకి పోయినాకే కనపడుతుందని చెప్తుంది. నాకు అది గుర్తొచ్చింది.

"మరి ఆ ఇంకొకామెకన్నా కప్పినాడా ఫాదర్, దేవదూత?"

"ఆమె కథలో కూడా పాత భాగంలో అది లేదు."

"మరి మీ అక్కకు నన్ను ఏం చెప్పమంటారు?"

మాట తడబడి మా అక్క అనాల్సింది మీ అక్క అన్నాను. ఆయన దిద్దలేదు.

"ఏది ముందు రాసినారు, ఏది తర్వాత రాసినారు అనేది నాకు తెలిసిన పని. ఇంకే పనీ నేర్చుకోలేదు. నొప్పికి నా దగ్గర ఏమీ లేదు." గోడ వదిలి ముందుకు వంగినారు. "అమ్మ అనే మనిషి ఉండింది. అది నిజం. చంపినారు, అదీ నిజం. ఈ రెండు చెప్పు. తప్పు నీది కాదు అని చెప్పు. నేను వచ్చి చెప్పమన్నా వస్తా."

ఆయన రాలేదు. రాగలిగే స్థితిలో లేరు. నేనే పోయినాను. అది మాత్ర వేసుకుని కొంచెం తేటగా ఉన్న వేళ చూసుకుని చెప్పినాను. రెండు కథలున్నాయని, చిన్నది నిజమని, కంబళి మాట దాంట్లో లేదని, వేరే ఎవరి కథలోంచో తెచ్చి కలిపినారని.

అది కదలకుండా వినింది. తర్వాత ఊపిరి వదిలింది.

"అయితే నా తప్పు కాదు."

"కాదు అక్కా. ఫాదరే చెప్పమన్నాడు."

"అమ్మ నన్ను కాదనలేదు."

"లేదు."

దాని ముఖంలో ఏదో వదులైంది. ఆ క్షణం నేను చెప్పి మంచిపని చేసినాననుకున్నాను. కాసేపటికి అది మళ్ళీ అడిగింది.

"ఆ మాట రాసినోడు ఎవురంట?"

"ఎవరో తెలీదంట. మఠంలో ఉండే సన్యాసి అయ్యుండొచ్చంట. ఆమె పోయినాక తరాలు గడిచినాక."

"చూసినోడు కాదు."

"కాదు."

అది నవ్వింది. నవ్వితే కడుపులో పట్టుకుని ఆగిపోయింది. "అయితే వాడు నా మాదిరోడే మే. శోకం పెట్టేవోడు."

నేనూ నవ్వినాను. అది నవ్వడం ఆపేసింది. పైకప్పు వైపు చూస్తా ఉండింది. నేను ఎదురుచూడని మాట అక్కడినుంచి వచ్చింది.

"నొప్పి తెలీకుండా పోతివా అనే మాట నేను ఎవురికి పెడతాంటినో తెలుసునా?"

"ఎవరికి?"

"బాగా పోయినోళ్ళకు పెట్టను. కునుకులో పోయిన ముసలోళ్ళకు మనవళ్ళ గురించి పాడతా, గొడ్డూ గోదా గురించి పాడతా. ఈ మాట వాళ్ళకు అవసరం లేదు. స్టవ్వు అంటుకుని కాలిపోయిన పిల్లకు పెట్టినా. చేను ఎండిపోయిందని పురుగుల మందు తాగి తెల్లారేదాకా అరిచినోనికి పెట్టినా. ఇంటోళ్ళ చెవుల్లో ఆ అరుపు అట్లే ఉంటాది. దాని మీద కప్పాల కదా ఏదో ఒకటి. పూల పాన్పు మీద పండుకున్నట్లు పోతివా అని ఎత్తుకుంటాంటి. వాళ్ళకూ తెలుసు అబద్ధమని. అయినా గట్టిగా ఏడుస్తారు ఆ మాటకు."

నేను దాని నుదురు తుడిచినాను.

"ఊరికే రాయడు వాడు ఆ మాట" అంది మా అక్క. "ఆయమ్మకు శానా నొప్పి ఉండింటాది. అది విని విని రాసింటాడు. పాపం. ఒక్కతే నిలబడి ఉంటాది."

ఫాదర్ అట్లా చెప్పలేదని, కత్తి అంటే ఒక్క దెబ్బతో అయిపోతుందని, నేను ఏదో చెప్పబోయినాను. నా మాట దానికి వినపడలేదు. నాకు తెలుసు, అప్పటిదాకా దానికి తన తప్పేమో అనే భయం మాత్రమే ఉండింది. ఇప్పుడు భయం పోయింది. ఆ స్థలంలో పెట్టుకోవడానికి నేను ఏమీ తేలేదు. ఫాదర్ పుస్తకాల్లో లేదు, నా నోటిలో లేదు.

ఆ తర్వాత అది అమ్మను ఏమీ అడగలేదు. నొప్పి లేచినప్పుడు జడ కొరకడం కూడా మానేసింది. అరిచేది. ఇరుగుపొరుగు వస్తే రానీ అంది. కంబళి నేను తీసి మడిచి పక్కన పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ. చలేస్తాండాది."

ఒంట్లో రక్తం లేని మనిషికి ఎండలో కూడా చలి. చివరిదాకా అది దాని మీదనే ఉంది. చివరి రోజులు ఎట్లా ఉన్నాయో నేను వివరంగా రాయను. పక్కన ఉన్నాను కాబట్టి ఒకటి రాస్తాను. మా అక్కకు నొప్పి ఉండింది. పోయేదాకా ఉండింది. మాత్రలు ఆపలేకపోయినాయి. నేను ఆపలేకపోయినాను.

శవం దగ్గర శోకం ఎవరు ఎత్తుకోవాలనే ప్రశ్న వచ్చింది. ఎప్పుడూ ఎత్తుకునే మనిషే పండుకుని ఉంది. నన్ను చూసినారు. నేను తల అడ్డంగా ఊపినాను. మా అక్క వెంట ఎన్నో ఏళ్ళు అందుకున్న ఒక ముసలామె అప్పుడు మొదలుపెట్టింది. దాని రాగమే, దాని మాటలే. తల్లి లేని పిల్లను ఎత్తుకుని పెంచితివే అని పాడింది. అది నిజమే. వెండి గిన్నెలో తింటివే అని పాడింది. మేము సత్తు గిన్నెల్లో తిన్నాము. తర్వాత గొంతు పైకి లేపి,

"అమ్మ కంబళి కప్పితే అక్కా, పూల పాన్పు మీద పండుకుంటివే, నొప్పి తెలీక పోతివే..."

తక్కిన ఆడవాళ్ళు అందుకున్నారు. వాళ్ళంతా ఆ అరుపులు విన్నవాళ్ళే. గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్ళు. నేను ఒక్కొక్కరి ముఖంలోకి చూసినాను. ఒక్కరూ అబద్ధం చెప్తున్నట్లు లేరు. అందరి కళ్ళలోనూ నిజమైన నీళ్ళు. నేనూ ఏడ్చినాను. ఆ మాటకే ఏడ్చినాను.

దినాలు కూడా కాకముందే ఊర్లో మాట మారింది. కొళాయి దగ్గర నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని నిలబడితే, నా వెనకాల ఒకామె ఇంకొకామెతో చెప్తోంది. కంబళి కప్పినాక ఆయమ్మ నవ్వుతా పోయిందంట. నా భుజం తట్టి, "అవునా కాదా వదినా?" అంది. నేను బిందె ముందుకు జరిపినాను. అది చూసి, "తలుచుకుంటే వదినకు ఏడుపొస్తాది, వదిలెయ్యి" అని తనే సర్దుకుంది.

ఫాదర్‌కు చెప్పినాను. ఆయన నవ్వలేదు.

"మూడు నాలుగు తరాలు పడుతుందని పుస్తకాల్లో రాసినామమ్మా మేము. చూసినవాళ్ళందరూ చచ్చిపోవాల, అప్పుడే కథ పెరుగుతుందని. చూసినవాళ్ళే పెంచుతారని రాయలేదు."

"మీరు ఊర్లో చెప్పండి ఫాదర్. పుస్తకం సంగతి, పేరు సంగతి. పండగ రోజు నేను ఆ ముక్క ఎట్లా చదివేది?"

"చెప్పొచ్చు" అన్నారు. "చెప్తే మీ అక్క లాంటి మనిషి ఇంకొకరు నా తప్పు కాదనుకుంటారు. తర్వాత?" పుస్తకం తియ్యమన్నారు. ఆ రోజు వేరే ఎవరి కథో చదివినాను. ఎక్కడా చెయ్యెత్తలేదు ఆయన.

కంబళి మా ఇంట్లోనే ఉండిపోయింది. ఎండకు వేసి, దులిపి, గుడికి ఇచ్చేద్దామని మడిచి పెట్టుకున్న పూట, వాకిట్లో ఒక మనిషి వచ్చి నిలబడింది. గుమ్మఘట్ట పక్కనుంచి వచ్చింది. మాటల్లో కన్నడం కలుస్తోంది. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్లు కాళ్ళకు దుమ్ము. మా వాళ్ళు కాదు, నుదుట బొట్టుంది. మొగునికి కాలేయం చెడిపోయిందంట. కడుపు ఉబ్బి, పండుకోనూ లేడు కూర్చోనూ లేడంట.

"గుడికాడ అడిగితే కంబళి మీ ఇంట్లో ఉండాదన్నారక్కా. ఇస్తారా?"

"ఇస్తాను. కూర్చో. నీళ్ళు తాగు."

నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టి, కంబళి మీద చెయ్యి పెట్టి నిమిరింది. తలెత్తి నా కళ్ళలోకి చూసి అడిగింది.

"మీ అక్కకు కప్పినారంట కదా. నొప్పే గొత్తాగకుండా, తెలీకుండా పోయిందంట కదా ఆయమ్మ? ఊర్లో అంతా చెప్తాండారు. నిజమేనా అక్కా?"

మా అక్క అడిగిన ప్రశ్నే. అప్పుడు అడిగి చెప్తానని లేచి పోవడానికి ఫాదర్ ఉండినారు. ఇది పుస్తకంలో చూసి ఫాదర్ చెప్పేది కాదు. చూసినదాన్ని నేనే. లేదమ్మా అంటే ఆమె ఉత్త చేతులతో ఆ ఎండలో తిరిగి బస్సెక్కాలి. అవునమ్మా అంటే రేపో ఎల్లుండో ఆమె మొగుడు, నేనేం తప్పు చేసినానని ఆమెను అడుగుతాడు. ఆమె నా నోటివైపే చూస్తోంది. నేను కంబళి మడత సరిచేసినాను. మళ్ళీ సరిచేసినాను. చేతిలో పెట్టినాను.

"వెచ్చగా ఉంటాదమ్మా" అన్నాను.

ఆమె దాన్ని గుండెకు ఆనించుకుని, కళ్ళకద్దుకుని, ఆ మాట చాలన్నట్లు తలాడించి, ఎండలోకి దిగి పోయింది.